ఎంవీపీ కాలనీలో కృష్ణ పదార్థం తరగతులు: కట్టిన రుసుముకు తగిన చదువేనా?

విశాఖపట్నంలో ఐఐటీ, నీట్ కోచింగులకు కొదవ లేదు. పరీక్షతో నిమిత్తం లేకుండా, తెలుసుకోవాలన్న కోరిక ఒక్కటే ఉన్నవారికి భౌతికశాస్త్రం చెప్పే చోటు మాత్రం వెతికినా దొరకదు. ఎంవీపీ కాలనీలోని ఒక చిన్న ప్రైవేటు అధ్యయన కేంద్రం శని, ఆదివారాల సాయంత్రాలలో ‘భూగర్భంలో కృష్ణ పదార్థ కణాల అన్వేషణ’ పేరిట (కృష్ణ పదార్థమంటే డార్క్ మేటర్: వెలుగునివ్వక, గురుత్వాకర్షణ వల్ల మాత్రమే ఉనికి తెలిసే పదార్థం) ఒక కోర్సు నడుపుతోందని తెలిసినప్పుడు, పేరు చూసి కొంత అనుమానంతోనే 1,500 రూపాయలు కట్టి చేరాను. విద్యార్థులకు అందులో సగమే. పాఠం చెప్పినవారు డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు. ప్రయోగాలు చూపించడానికి ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఆవిడకు తోడుగా ఉన్నారు. కోర్సు ముగిశాక నా అభిప్రాయం ఇది: విశ్వరహస్యాల కథలు వినాలని వచ్చేవారికి ఇది నిరాశ కలిగిస్తుంది, ఒక కొలతను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో నేర్చుకోవాలని వచ్చేవారికి మాత్రం కట్టిన డబ్బుకు రెట్టింపు విలువ దక్కుతుంది.

పూర్వరంగాన్ని మొదటి తరగతిలో త్వరగానే ముగించారు. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీల గుంపులో కంటికి కనబడే ద్రవ్యరాశికీ, వాటి వేగాలు కోరే ద్రవ్యరాశికీ పొంతన లేదని గుర్తించడం, 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ అంచుల్లోని వేగాలు తగ్గకుండా నిలకడగా ఉన్నాయని చూపడం, విశ్వంలోని మొత్తం పదార్థశక్తిలో సుమారు 27 శాతం కృష్ణ పదార్థమనీ, మనకు తెలిసిన అణువుల వాటా 5 శాతం మాత్రమేననీ ప్లాంక్ ఉపగ్రహ కొలతలు తేల్చడం, ఇవన్నీ గంటలోపే అయిపోయాయి. వీడియోల్లో ఎన్నోసార్లు విన్న సంగతులే కనుక ఆ తొందరను తప్పుపట్టను. అయితే ఆ గంట చివర ఆవిడ బోర్డు మీద వేసిన ఒక చిన్న లెక్క మాత్రం కొత్తది. మన సౌర కుటుంబం దరిదాపుల్లో కృష్ణ పదార్థ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని అంచనా; ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టంటే దాదాపు ఒక ప్రోటాన్ బరువు. ఒక్కో కణం ప్రోటాన్‌కు వంద రెట్లు బరువుందనుకుంటే, లీటరు నీళ్ల సీసా పట్టేంత చోటులో ఏ క్షణంలోనైనా మూడు కణాలుంటాయి. సూర్యుడితోపాటు మనం సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో వాటి గుండా సాగిపోతున్నాం కాబట్టి, అవి మన శరీరాల గుండా నిత్యం ప్రవహిస్తూనే ఉండాలి. అన్ని కణాలు దూసుకుపోతున్నా ఒక్కటీ తగిలినట్టు తెలియడం లేదంటే, ఆ తాకిడి ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

కోర్సులో నాకు మిక్కిలి నచ్చింది రెండో తరగతి. కృష్ణ పదార్థం గురించి చెప్పడానికి ముందు, అది కానిదేదో కళ్లారా చూపించారు. అడుగున నల్లటి లోహపు పలక ఉన్న గాజుపెట్టె, దాని పైభాగంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన స్పాంజి, పలక కింద సున్నాకు 78 డిగ్రీలు దిగువన ఉండే డ్రై ఐస్: కణాలు వెళ్లిన దారిని ఆవిరి గీతలుగా చూపే క్లౌడ్ చాంబర్ అంటే ఇంతే. విశాఖ తేమకు గాజంతా మసకబారి, ఏసీ పూర్తిగా పెంచి, అద్దాలు పదేపదే తుడిచి, పావుగంట చీకట్లో ఎదురుచూడవలసి వచ్చింది. ఆ తరువాత గీతలు మొదలయ్యాయి. సన్నగా, సూటిగా, పలకకు ఆ చివర నుంచి ఈ చివరకు సాగినవి మ్యుయాన్‌లు. లావుగా, పొట్టిగా పడినవి గాలిలోని రేడాన్ వాయువు విడుదల చేసిన ఆల్ఫా కణాలు. మెలికలు తిరిగినవి ఎలక్ట్రాన్‌లు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పై వాతావరణంలో ఢీకొన్నప్పుడు పుట్టే, ఎలక్ట్రాన్ వంటివే అయినా బరువైన ఈ మ్యుయాన్‌లు సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున పడుతుంటాయి. అంటే చాచిన అరచేతి గుండా సెకనుకు ఒకటైనా దూరిపోతుంది. ఏడాదికి ఒకటో రెండో తాకిడుల కోసం కాచుకునే డిటెక్టర్‌ను ఈ వానలో పెట్టి ప్రయోజనం లేదన్న సంగతి, ఆ గాజుపెట్టె చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

భూగర్భంలోకి ఎందుకు దిగాలన్న ప్రశ్నకు జవాబు ఇలా దొరికాక, ఎంత లోతుకు దిగాలన్న చర్చ మొదలైంది. షిప్‌యార్డులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన లేచి, “అమ్మా, గని తవ్వే ఖర్చెందుకు? మన ఊళ్లో సముద్రం ఉంది కదా, డిటెక్టర్‌ను జలాంతర్గామిలో పెట్టి ముంచితే సరిపోదా?” అని అడిగారు. “మంచి ప్రశ్న బాబాయ్ గారూ, లెక్క వేద్దాం రండి,” అని ఆవిడ బోర్డు దగ్గరకు నడిచారు. భూగర్భ ప్రయోగశాలల లోతును ఎన్ని మీటర్ల నీటికి సమానమన్న కొలతలోనే చెబుతారు. కెనడాలోని సడ్‌బరీ దగ్గర క్రైటన్ నికెల్ గనిలో 2 కిలోమీటర్ల లోతున ఉన్న స్నోలాబ్ ప్రయోగశాల మీది రాతికప్పు సుమారు 6,000 మీటర్ల నీటికి సమానం. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు మాత్రమే. మొత్తం సముద్రాన్ని నెత్తిన పెట్టుకున్నా ఆ రాతికప్పులో సగం కూడా రాదన్నమాట. ఇక్కడ చదరపు మీటరు నేల మీద రోజుకు కోటికి పైగా మ్యుయాన్‌లు పడుతుంటే, స్నోలాబ్‌లో అదే వైశాల్యం మీద మూడు నాలుగు రోజులకు ఒకటి పడుతుంది. సింహాచలం కొండ కింద సొరంగం సంగతేమిటని వెనక వరుస నుంచి ఇంకొకరు అడిగారు. తమిళనాడులోని బోడి కొండల్లో న్యూట్రినో (దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే కణం) ప్రయోగశాల తలపెట్టినప్పుడు అన్ని వైపులా కనీసం కిలోమీటరు రాయి ఉండాలన్న నియమం పెట్టుకున్నారని, మన కొండ అందుకు చాలదని చెప్పి ఊరుకున్నారు.

రాయి మ్యుయాన్‌లను ఆపుతుంది సరే, ఆ రాయే రేడియోధార్మికమైతే? ఈ చిక్కును చూపడానికి భీమిలి తీరం నుంచి సంచిలో తెచ్చిన నల్ల ఇసుక దగ్గర గైగర్ కౌంటర్ పెట్టారు. ఆ ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ కలిసి ఉంటుంది. టిక్కుల వేగం కొద్దిగానైనా స్పష్టంగా పెరిగింది. గని గోడల్లోని యురేనియం, థోరియం, పొటాషియంల నుంచి డిటెక్టర్‌ను కాపాడుకోవడానికి సీసం, రాగి, పాలిథీన్, నీరు పొరలు పొరలుగా పేర్చాలి. సీసం కూడా నమ్మదగినది కాదు. కొత్తగా కరిగించిన సీసంలో 22 ఏళ్ల అర్ధాయువు గల రేడియోధార్మిక సీసం-210 ఉంటుంది, పాత సీసంలో అది ఎప్పుడో తరిగిపోయి ఉంటుంది. అందుకే ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద అరుదైన రేడియోధార్మిక క్షయం కోసం వెతికే క్వోరే ప్రయోగానికి, సార్డీనియా తీరంలో రెండు వేల ఏళ్ల కిందట మునిగిన రోమన్ ఓడలోంచి తీసిన సీసాన్ని వాడారు. డిటెక్టర్లుగా పనిచేసే జెర్మేనియం స్ఫటికాలను సైతం భూమి మీద ఎక్కువ రోజులు ఉంచరు. కృష్ణ పదార్థాన్ని వెతికే సూపర్ సీడీఎంఎస్ ప్రయోగపు డిటెక్టర్లను కాలిఫోర్నియా నుంచి స్నోలాబ్‌కు విమానంలో పంపకుండా రోడ్డు మార్గంలో లారీ మీద తరలించారు, ఎందుకంటే విమానాలు ఎగిరే ఎత్తులో విశ్వకిరణాల తాకిడి మరీ ఎక్కువ. ఈ భాగమంతా వింటుంటే, ఈ శాస్త్రంలో సగం పని కణాన్ని వెతకడం కాదని, శుభ్రం చేయడమని అనిపించింది. ఆ సంగతిని దాచకుండా, దానికే ఎక్కువ సమయం కేటాయించడం ఈ కోర్సు చేసిన మేలు.

శీతలీకరణ గురించిన తరగతి కోర్సుకు ఆయువుపట్టు. కృష్ణ పదార్థ కణం ఒక జెర్మేనియం కేంద్రకాన్ని తాకితే వెలువడే శక్తి కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఉండవచ్చు. పది కిలో ఎలక్ట్రాన్ వోల్టులంటే జౌల్‌లో కోటి కోట్ల భాగం కంటే బాగా తక్కువ. గది ఉష్ణోగ్రత దగ్గర స్ఫటికంలోని పరమాణువుల కదలికలో ఈ శక్తి జాడ తెలియకుండా కలిసిపోతుంది. స్ఫటికాన్ని చల్లబరిచే కొద్దీ దాని ఉష్ణధారకత (ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన శక్తి) ఉష్ణోగ్రత ఘనానికి అనులోమంగా పడిపోతుంది కాబట్టి, పరమ శూన్య ఉష్ణోగ్రతకు (ఇంతకంటే చల్లబరచలేని హద్దుకు) కెల్విన్‌లో వందో వంతు పైచిలుకు మాత్రమే పైన, అంటే 15 మిల్లీకెల్విన్‌ల దగ్గర, అదే చిన్న తాకిడి కొలవదగిన మార్పును తెస్తుంది. నక్షత్రాల మధ్య ఖాళీ ప్రదేశమే 2.7 కెల్విన్ ఉంటుంది. అంతకంటే దాదాపు రెండు వందల రెట్లు చల్లని చోటును గనిలో నిలబెట్టాలి.

ఆ చలిని తెచ్చే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ పనితీరును ఇంత తేటగా వివరించగా నేను వేరెక్కడా వినలేదు. హీలియం-3, హీలియం-4 మిశ్రమాన్ని 0.87 కెల్విన్ కంటే దిగువకు తీసుకెళితే అది రెండు పొరలుగా విడిపోతుంది: పైన హీలియం-3 చిక్కగా ఉన్న పొర, కింద హీలియం-4లో ఆరు శాతానికి పైగా హీలియం-3 కలిసి ఉన్న పలుచని పొర. కింది పొరలోని హీలియం-3ను పంపుతో తోడేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి పై పొర నుంచి అణువులు కిందికి దిగుతాయి. దిగేటప్పుడు పరిసరాల నుంచి వేడిని గుంజుకుంటాయి. ఎంత చల్లబడినా కింది పొరలో ఆ ఆరు శాతం మిగిలే ఉంటుంది కనుక ఈ యంత్రం ఆగదు. హైంట్స్ లండన్ 1951లో ప్రతిపాదించిన ఈ ఆలోచన 1960ల మధ్యలో లైడెన్‌లో యంత్రరూపం దాల్చింది. బోర్డు మీద రెండు రంగుల సుద్దముక్కలతో వేసిన ఆ బొమ్మ, ప్రొజెక్టర్ మీద చూపిన యానిమేషన్ కంటే బాగా బోధపడింది.

నా ప్రధానమైన ఫిర్యాదు దాని తరువాతి ప్రదర్శన మీద. ద్రవ నైట్రోజన్ తెప్పించారు. పశువైద్యశాలల్లో వీర్యం నిల్వ చేయడానికి వాడే మూతి ఇరుకైన పాత్ర వంటి దానిలోనే అది వచ్చింది. ఉక్కు కర్మాగారంలో గాలిని చల్లార్చి ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్‌లను విడదీసే ఊరు మనది. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్రకు ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది ఇక్కడి నుంచే. అందువల్ల చూడవచ్చినవారిలో ఆసక్తి సహజంగానే ఎక్కువగా కనిపించింది. ఆ నైట్రోజన్‌లో ముంచిన సెరామిక్ అతివాహకం (చల్లబరిస్తే విద్యుత్ నిరోధం పూర్తిగా పోయే పదార్థం) మీద అయస్కాంతాన్ని తేలించి చూపగానే చప్పట్లు మోగాయి, ఫోన్లు పైకి లేచాయి. కానీ డిటెక్టర్లలో వాడే అతివాహకానికీ, ఈ తేలడానికీ నేరుగా సంబంధం లేదు. స్ఫటికం ఉపరితలం మీద వేసిన టంగ్‌స్టన్ పలుచని పొరను, నిరోధం ఉన్న స్థితికీ లేని స్థితికీ సరిగ్గా మధ్యన, కొన్ని పదుల మిల్లీకెల్విన్‌ల దగ్గర నిలబెడతారు. తాకిడి తెచ్చిన ఏ కాస్త శక్తి చేరినా నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మార్పునే స్క్విడ్ అనే సూక్ష్మ అయస్కాంత మాపకంతో చదువుతారు. ఇది చూపాలంటే అయస్కాంతం అక్కరలేదు. అదే సెరామిక్ ముక్కకు నాలుగు తీగలు కట్టి, చల్లబడుతుండగా నిరోధం నిట్టనిలువుగా పడిపోవడాన్ని మీటర్‌లో చూపిస్తే చాలు. చప్పట్లు అన్ని రావు కానీ పాఠం నిలుస్తుంది. ఈ మాట నేను రాతపూర్వకంగా ఇచ్చాను; పరిశోధక విద్యార్థి ఒకరు ఒప్పుకొని, తీగలు అతికించడం కష్టమని మాత్రం అన్నారు.

సంకేతాన్ని సడి (ఇతర కణాల వల్ల వచ్చే అక్కరలేని ఘటనలు) నుంచి విడదీసే పద్ధతులు చెప్పిన తరగతి మళ్లీ ఉన్నత స్థాయిలో సాగింది. గామా కిరణం ఎలక్ట్రాన్‌ను తాకినప్పుడు స్ఫటికంలో విద్యుదావేశం బాగా పుడుతుంది. న్యూట్రాన్ గానీ కృష్ణ పదార్థ కణం గానీ కేంద్రకాన్ని తాకినప్పుడు అదే శక్తికి దాదాపు మూడో వంతు ఆవేశమే పుడుతుంది. స్ఫటిక కంపనాలైన ఫోనాన్‌లనూ ఆవేశాన్నీ రెండింటినీ కొలిచి నిష్పత్తి చూస్తే ఎవరు ఎవరో తెలుస్తుంది. గ్రాన్ సాసోలోని క్రెస్ట్ ప్రయోగం కాల్షియం టంగ్‌స్టేట్ స్ఫటికంలో ఆవేశానికి బదులు వెలుగును కొలుస్తుంది. ఇంతవరకూ పాఠం. తరువాత అందరికీ ఒక కాగితం పంచి, అమెరికాలోని సూడాన్ గనిలో 714 మీటర్ల లోతున, సూపర్ సీడీఎంఎస్‌కు ముందు తరమైన సీడీఎంఎస్ బృందం సేకరించిన ఫలితాలను, అందులో సంకేతం ఉండవలసిన చోట పడిన రెండు చుక్కలను చూపించి, “మీరైతే ఏమని ప్రకటిస్తారు?” అని అడిగారు. హాలు రెండుగా చీలింది. ఇంజనీరింగ్ కుర్రాళ్లు కనుగొన్నామనే ప్రకటించాలన్నారు. 2009 డిసెంబరులో ఆ బృందం చేసిన ప్రకటన ఏమిటంటే: నేపథ్య సడి వల్లనే 0.9 ఘటన రావచ్చని అంచనా, కనుక సడి ఒక్కటే రెండు లేదా అంతకు మించి ఘటనలు చూపే అవకాశం 23 శాతం, కాబట్టి ఇది ఆవిష్కరణ కాదు. 2013లో సిలికాన్ డిటెక్టర్లలో మూడు ఘటనలు కనబడి, ప్రోటాన్‌కు తొమ్మిది రెట్ల బరువు గల కణం కావచ్చన్న ఆశ మళ్లీ లేచింది. ఇంకా సున్నితమైన ప్రయోగాలు దాన్నీ తోసిపుచ్చాయి. ఈ ఒక్క గంట కోసం కోర్సు మొత్తానికి రుసుము కట్టవచ్చు.

అంతే ఆసక్తికరమైన మరో విషయం, ఇటీవలి అతిశీతల డిటెక్టర్లన్నింటినీ వేధిస్తున్న తక్కువ శక్తి ఘటనల గుంపు. 24 గ్రాముల స్ఫటికంతో 30 ఎలక్ట్రాన్ వోల్టుల అతి చిన్న శక్తిని సైతం పట్టగలిగిన క్రెస్ట్ డిటెక్టర్‌లో 200 ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన లెక్కకు మించిన ఘటనలు కనబడ్డాయి. అయితే చల్లబరిచిన తరువాత నెలలు గడిచే కొద్దీ అవి తగ్గుతాయి, డిటెక్టర్‌ను కొంత వేడిచేసి మళ్లీ చల్లారిస్తే తిరిగి పెరుగుతాయి. గెలాక్సీ నుంచి వచ్చే కణాలకు మన ఫ్రిజ్‌ను ఎప్పుడు ఆన్ చేశామో తెలిసే వీలు లేదు. స్ఫటికాన్ని పట్టి ఉంచిన చోట, లేదా పై పొరల్లో, బిగువు సడలడం వల్ల ఇవి పుడుతున్నాయన్న అనుమానం బలంగా ఉంది. ఆవిడ ఈ భాగాన్ని ఇంకా తేలని విషయంగానే చెప్పి వదిలేయడం నాకు నచ్చింది.

లోటుపాట్లలో పెద్దది, స్ఫటికాలకు బదులు ద్రవంగా మార్చిన జినాన్ వాయువులో తాకిడులను వెతికే ద్రవ జినాన్ డిటెక్టర్లను దాదాపు విస్మరించడం. దక్షిణ డకోటాలోని పాత హోమ్‌స్టేక్ బంగారు గనిలో ఏడు టన్నుల జినాన్‌తో పనిచేస్తున్న ఎల్‌జెడ్, గ్రాన్ సాసోలోని జినాన్-ఎన్‌టీ బరువైన కణాల విషయంలో స్ఫటికాలను ఎంతో వెనక్కి నెట్టాయి. 2024లో ఎల్‌జెడ్ ప్రకటించిన పరిమితులు ఆ శ్రేణిలో అప్పటికి అత్యంత కఠినమైనవి. ప్రోటాన్‌కు అయిదు రెట్ల లోపు బరువున్న తేలికపాటి కణాల వేటలోనే మిల్లీకెల్విన్ స్ఫటికాలకు అసలు బలం. స్నోలాబ్‌లో అమర్చిన 24 జెర్మేనియం, సిలికాన్ డిటెక్టర్లు ఆ తేలిక కణాల కోసమే. ఈ విభజన స్పష్టంగా చెప్పకపోతే, జెర్మేనియమే అన్నిటా ముందుందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది.

మన దేశపు కథకు కూడా న్యాయం జరగలేదు. 1965లో కోలార్ బంగారు గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున వాతావరణ న్యూట్రినోలను పట్టిన చరిత్ర మనది. జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో ప్రారంభమైన ప్రయోగశాలలో అతితాపిత (మరిగే స్థాయి దాటినా మరగకుండా నిలిచిన) ద్రవ బిందువులతో కృష్ణ పదార్థం కోసం వెతుకుతున్నారు. ఇవి ఒక్క స్లైడ్‌లో వచ్చి పోయాయి. సూపర్ సీడీఎంఎస్‌లో భాగస్వామి అయిన జాతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ నైసర్ మనకు రాత్రి రైలెక్కితే చేరగల భువనేశ్వర్ పక్కనే ఉంది. అక్కడి పరిశోధకులు ఒకరిని ఒక పూటకు పిలిపించడం నిర్వాహకులకు అసాధ్యమేమీ కాదు.

ఏర్పాట్ల సంగతి కొద్దిగా. హాలు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. వాహనాలు పక్క వీధిలో పెట్టుకోవాలి. పాఠం తెలుగులోనే సాగినా స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉండటంతో తెలుగు మాధ్యమం విద్యార్థులు కొంత ఇబ్బంది పడ్డారు. చేతికిచ్చిన అరవై పేజీల తెలుగు పుస్తకం మాత్రం శ్రద్ధగా తయారుచేసినది. పటాల్లో అక్షాల ప్రమాణాలు రాయకుండా వదిలేసిన చోటు ఒక్కటి కూడా కనబడలేదు, ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పుస్తకాన్ని చివరి రోజున కాక చేరిన రోజే ఇచ్చి ఉంటే శక్తి ప్రమాణాలు, ఘాతాంకాలతో తడబడినవారు ఇంట్లో చూసుకుని వచ్చేవారు. టీ విరామంలో ఇచ్చిన పునుగుల గురించి ఫిర్యాదు లేదు.

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉంటే పాఠం అందుతుంది. పదో తరగతి పిల్లలను క్లౌడ్ చాంబర్ తరగతికి మాత్రం తీసుకెళితే చాలు, ఆ ఒక్క పూటకు విడిగా టికెట్ ఇస్తున్నారు. తరువాతి బ్యాచ్‌కు పేర్లు నమోదు చేసుకునేవారు, నిరోధం కొలిచే ప్రయోగం చేర్చారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. చేర్చితే ఆ తరగతికి నేనూ మళ్లీ టికెట్ కొంటాను.